దాటేసి చదివిన పేరా

ఓర్వకల్లు,
6 ఏప్రిల్ 2025

నాగలతా,

పేరుకు ముందు చిరంజీవి, సౌభాగ్యవతి లాంటివేవీ తగిలించను. నీకు అక్షరాలు దిద్దించిన మేనమామనే అయినా దీవెనల మీద నాకు నమ్మకం లేదని నీకు తెలుసు. మళ్ళీ ఉత్తరాలకే దిగుదాం. ఫోనులో మనిద్దరం మూడో నిమిషానికి అరుచుకుంటాం, నాలుగో నిమిషానికి నువ్వు పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా విని తీరాలి.

ఆ రోజు నువ్వు పూర్తి చెయ్యనివ్వని మాట ఇది. పుణెలో మీ ల్యాబు తయారుచేసిన నల్లపొడి మన ఓర్వకల్లు ఫ్యాక్టరీకే వచ్చిందని ఎంతో సంబరంగా చెప్పావు. వచ్చింది, నిజమే. దాన్ని ఇక్కడ కడుగుతున్నది ఎవరో తెలుసా? మీ పెద్దమ్మ. మీ అమ్మ పోయాక నిన్ను పెంచిన మా ఈరక్క. యాభై ఎనిమిదేళ్ళ వయసులో కాంట్రాక్టు కూలీగా చేరింది. మందు తయారయ్యాక ఫిల్టరు గుడ్డలకు అంటుకున్న నల్లబురదను గీకి, తొట్టిలో కడిగి, డ్రమ్ముల్లో నింపుతుంది. చేతికి తొడుగుల్లేవు. మూతికి చీర చెరగే. డ్రమ్ము మీద ఎర్రక్షరాలతో ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక ఉంది. చదవగలిగినవాళ్ళు ఆ షెడ్డులోకి రారు, షెడ్డులో ఉన్నవాళ్ళు దాన్ని చదవలేరు. మరి ఎవరికోసం రాసినట్టు? దీని మీద కరపత్రం వేస్తున్నాను.

పైగా శుద్ధినీళ్ళ మిషను చెడిపోయి మూడు వారాలు. "బోరు నీళ్ళే పోసి కానీండమ్మా" అన్నాడట సూపర్‌వైజరు సాయిప్రసాద్. మన బోరు నీళ్ళు ఎలాంటివో నీకు చెప్పాలా? కాస్తే గిన్నె అడుగున సున్నం కడతాయి.

నీ పాత ఉత్తరాలన్నీ అక్క ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. ఆదివారం ఒకటి పట్టుకొచ్చి చదవమంటుంది. రసాయనం ఉన్న పేరాలు దాటేస్తాను. నాకు అర్థం కావు, ఆమెకు అక్కర్లేదు. "బాగుండా, తింటాండా అని రాసిండాది సూడు, అది సదువు చాలు" అంటుంది.

నీతో వాదం ముగియని మామ,
రంగస్వామి


పుణె,
14 ఏప్రిల్

మామా,

నువ్వు దాటేసే పేరాలే నా బతుకు. ఆరేళ్ళుగా చేస్తున్నది అదే. ఒక్కసారి దాటకుండా చదువు, బడిలో పిల్లలకు చెప్పినట్టే చెబుతాను.

లోహాన్ని ముద్దగా వాడితే లోపల ఉన్న పరమాణువులన్నీ ఊరికే కూర్చుంటాయి. పని చేసేవి పైన ఉన్నవే. అందుకని మేం పల్లాడియంను ఆరేడు పరమాణువుల చిన్న చిన్న గుంపులుగా చేసి బొగ్గుపొడి మీద నిలబెడతాం, మీకు వచ్చిన నల్లపొడి అదే. ఆరు ఉంటే ఒక స్వభావం, ఏడు ఉంటే ఇంకో స్వభావం. అవి దేని మీద నిలబడ్డాయో అది మారినా స్వభావం మారుతుంది. మీ ఫ్యాక్టరీలో చేసే మందులో ఈ గుంపులకు చెయ్యి వెయ్యడానికి రెండు చోట్లున్నాయి. నైట్రో ఉన్నచోట మాత్రమే వెయ్యాలి. రెండోచోట వేస్తే అక్కడున్న క్లోరిన్ ఊడిపోయి మందంతా పారబొయ్యాల్సిందే. వెయ్యాల్సిన చోట వేసి, వద్దన్నచోట వదిలెయ్యడం వాటికి నేర్పాలి. ఎంపిక అంటే అదే. నేను నూటికి తొంభై ఒకటి దగ్గర ఆగిపోయాను. రెండేళ్ళుగా అక్కడే ఉన్నాను.

పెద్దమ్మ ఆ పనిలో ఉందని నాకు తెలియదు. నిజంగా తెలియదు. తెలిసి సంబరపడ్డానని నువ్వు అనుకుంటే ఆ మాట చాలా నొప్పి మామా. తొడుగుల గురించి మా గైడుతో కంపెనీకి రాయిస్తాను.

ఒక్క ప్రశ్న. మార్చి చివర నుంచి మీ ఫ్యాక్టరీ లెక్కల్లో కొన్ని బ్యాచుల్లో ఎంపిక తొంభై తొమ్మిది చూపిస్తోంది. ఇక్కడ ఎవరూ నమ్మడం లేదు, మీటరు తప్పంటున్నారు. బోరు నీళ్ళు ఎవరి షిఫ్టులో పోశారు? కనుక్కుని రాస్తావా?

నాగలత


ఓర్వకల్లు,
22 ఏప్రిల్

నాగలతా,

నీ పాఠం చదివాను. ఏడు పరమాణువులకు మంచీచెడూ నేర్పడానికి ఆరేళ్ళు కూర్చున్నారు. ఒక సూపర్‌వైజరుకు తొడుగులు కొనడం నేర్పడానికి ఎవరైనా ఆరు నిమిషాలు కూర్చున్నారా? కోప్పడకు. కోప్పడినా సరే, ప్రశ్న ప్రశ్నే.

నీ ప్రశ్నకు జవాబు: మీ పెద్దమ్మ షిఫ్టు. పొద్దుటిది. మిగతావాళ్ళు గుడ్డ మీద ఒక్కసారి నీళ్ళు దిమ్మరించి డ్రమ్ములో వేస్తారట. ఈమె కందిబేడలు కడిగినట్టు మూడుసార్లు కడుగుతుంది. నీళ్ళు తేటపడేదాకా వదలదు. "మురికి నీళ్ళతో ఎట్ల మూత పెట్టేది రా, మనసొప్పొద్దూ" అంది. సాయిప్రసాద్ ఆలస్యమవుతోందని తిడతాడు. ఆ తిట్లు తిని కడిగిన పొడినే మళ్ళీ మందు తయారీలో వాడుతున్నారు. దాంతోనే నీకు తొంభై తొమ్మిది వచ్చింది.

కాబట్టి విను. రేపు నువ్వు దీని మీద వ్యాసం రాస్తే మా అక్క పేరు అందులో ఉండాలి. కింద చిన్నక్షరాల్లో కృతజ్ఞతలు అంటే ఒప్పుకోను, పైన నీ పేరు పక్కనే ఉండాలి. అలా రాయరు అంటావు. ఎందుకు రాయరో నాకు తెలుసు. చేతులు ఒకరివి, పేరు ఇంకొకరిది అన్నది నీ ల్యాబులో పుట్టిన రోగం కాదు.

ఈ మాట అక్కతో అంటే నవ్వింది. "నా పేరెందుకు రా ఆడ, పిల్ల పేరుంటే చాల్దా?" అంది. అదీ మన వాళ్ళ తీరు. ఏం చెయ్యను?

రంగస్వామి


పుణె,
30 ఏప్రిల్

మామా,

పేరు సంగతి నువ్వు అడక్కముందే అనుకున్నాను. నమ్మకపోతే నీ ఇష్టం. కానీ పేరు పెట్టాలన్నా ముందు అది నిజమని చూపించాలి. గైడు ఆ బ్యాచు పొడి పంపమని కంపెనీకి మూడుసార్లు రాశారు. పంపరట. బోరు నీళ్ళు వాడినట్టు ఒప్పుకోవాల్సి వస్తుందని భయం. అందుకే పెద్దమ్మను ఒకటి అడుగుతున్నాను. చెయ్యకూడని పనే. తన షిఫ్టులో కడిగిన పొడి చిటికెడు కావాలి. కందిగింజంత చాలు.

ఎందుకంటే నా ఊహ ఇది: బోరు నీళ్ళలోని సున్నం బొగ్గు మీద పలచగా పేరుకుని పల్లాడియం గుంపులకు కొంచెం ఎలక్ట్రాన్లను అందిస్తోంది, దాంతో అవి నైట్రోను పట్టుకుని క్లోరిన్ జోలికి పోవడం లేదు. గుంపులు ఆరేడుగానే ఉన్నాయా, కలిసిపోయి పెద్దవయ్యాయా అన్నది ఎక్స్‌రేలో తేలాలి. వాటిలో హైడ్రోజన్ ఇంకా నిలిచి ఉంటుంది కాబట్టి పొడి ఎట్టి పరిస్థితిలోనూ ఆరకూడదు, గాలి తగిలితే తనంతట తనే అంటుకుంటుంది. చిన్న సీసాలో వేసి, పైన నీళ్ళు నిలిచేలా నింపి, మూత బిగించాలి. సున్నం ఎంత శాతమో తేలితే గుంపులు నిలబడే బొగ్గును దానికి తగ్గట్టు మార్చి ఎంపికను మన చేతుల్లోకి తెచ్చుకోవచ్చు.

పెద్దమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నేను బాగున్నాను, తింటున్నాను. మెస్సులో జొన్నరొట్టె పెడతారు గానీ మన రొట్టె కాదు. ఈ పని అయితే జూన్‌లో వస్తాను. ఆమె కడిగిన చేతులకు దండం పెట్టానని చెప్పు.

నాగలత


ఓర్వకల్లు,
12 మే

నాగలతా,

ఫోనులో చెప్పింది సగమే. నువ్వు ఏడుస్తుంటే వినలేక పెట్టేశాను. వస్తానన్నావు, వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో రాస్తున్నాను.

తొమ్మిదో తేదీ మధ్యాహ్నం, అన్నాల వేళ. చిటికెడు అడిగావని అక్క పిడికెడు తీసింది. షెడ్డు వెనక చేటలో పరిచి ఎండలో పెట్టింది. మన ఇళ్ళలో ఏది పంపాలన్నా ఎండబెట్టే పంపుతాం కదా, కందిబేడలైనా, మిరపకాయలైనా, పిల్ల ఉండే ఊరికి పోయేదేదైనా. పక్కన పనిచేసే ప్రేమజ్యోతి "అది ఎండబెట్టేది కాదేమో పెద్దక్కా" అందట. "తడిదాన్ని ఎవురన్నా పంపుతారా అమ్మీ, పిల్ల ఏమనుకుంటాది?" అందట ఈమె. ఆరిందో లేదోనని వంగి వేళ్ళతో కలిపింది. భగ్గుమంది. పక్కనే పెట్రోలులా మండే సాల్వెంటు తుడిచిన గుడ్డల కుప్ప. అది అక్కడ ఉండకూడదు, ఉంది. చెరగు అంటుకుంది. ప్రేమజ్యోతి తడిగోనె కప్పకపోతే ఈ ఉత్తరం వేరేలా ఉండేది.

రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. మెడ, గడ్డం కూడా. కర్నూలు పెద్దాసుపత్రిలో ఉంది. చేతివేళ్ళు మళ్ళీ ముడుస్తుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదు.

కంపెనీ వాళ్ళు ఏమంటున్నారో విను. ఇది పనిలో జరిగిన ప్రమాదం కాదు, దొంగతనం అంటున్నారు. ఖరీదైన లోహం దొంగిలించి ఎండబెట్టుకుంటూ కాల్చుకుందట. దొంగతనమని తేలితే వైద్యం మొదలుకొని ఏదీ వాళ్ళ మీద పడదు. ఎవరికోసం తీసిందో చెప్పమని వాళ్ళ మనిషి ఆస్పత్రి గుమ్మంలో కాపలా కాస్తున్నాడు. నువ్వు అక్కడ కనబడ్డావా, నీ చదువు అక్కడితో సరి. అందుకే వద్దన్నాను.

ఇప్పుడు నీతో మాట. ఆరేళ్ళుగా చదువుతున్నావు. పరమాణువు పక్కన పరమాణువు ఎలా కూర్చుంటుందో నీకు తెలుసు. అది ఆరితే అంటుకుంటుందని తెలియదా? తెలిస్తే నీ పెద్దమ్మకు ఒక్క మాట చెప్పాలని తోచలేదా? డ్రమ్ము మీద ఇంగ్లీషులో రాసి చేతులు దులుపుకున్న వాళ్ళకూ నీకూ తేడా ఏమిటి?

రంగస్వామి


పుణె,
20 మే

మామా,

రాశాను.

ఏప్రిల్ ముప్ఫై ఉత్తరం తియ్యి. రెండో పేరా. మూడో వాక్యం, నాలుగో వాక్యం. తెలుగులోనే ఉన్నాయి.

నిన్ను అనడం లేదు. నీ అలవాటు తెలిసి కూడా ఆ మాటను రసాయనం మధ్యలో పెట్టింది నేనే. మొదటి వరుసలో పెద్దక్షరాలతో రాయాల్సింది. ఆ పేరా రాస్తున్నంతసేపూ నా కళ్ళ ముందు గుంపులే ఉన్నాయి మామా, పెద్దమ్మ లేదు.

ఆ ఉత్తరం విచారణలో చూపించు. నేనే అడిగానని అందులో ఉంది. ఆమె తనకోసం తియ్యలేదని తేలుతుంది. నా సంగతి ఆలోచించకు. ఫోను చేస్తే ఎత్తడం లేదు నువ్వు. పదిహేడు సార్లు చేశాను.

లత


ఓర్వకల్లు,
29 మే

లతా,

చదివాను. ఉంది.

ఆ ఆదివారం నాకు గుర్తుంది. అక్క గడప మీద కూర్చుని చేటలో రాళ్ళు ఏరుతోంది. నేను మొదటి పేరా చదివాను. రెండో దాంట్లో 'ఎలక్ట్రాన్లు' కనబడగానే "ఇది దాని అణువుల పురాణంలే" అని మోకాళ్ళ దగ్గరకు దూకాను. ఇద్దరం నవ్వుకున్నాం కూడా. చదవలేనివాళ్ళకు ఇంగ్లీషులో హెచ్చరిక రాసిన దుర్మార్గం మీద రెండు వేల కరపత్రాలు అచ్చువేయించిన మనిషిని నేను. చదవలేని మనిషికి తెలుగులో వచ్చిన హెచ్చరిక నా చేతిలో ఉంది. నేనే చదవలేదు.

విచారణ ఇరవై ఆరున జరిగింది. ఆస్పత్రి వరండాలోనే కుర్చీలు వేశారు. నీ ఏప్రిల్ ఉత్తరం నా చొక్కా జేబులో ఉంది. కంపెనీ ఆఫీసరు అడిగాడు, "ఎవరికోసం తీసుకున్నావమ్మా?" అని. అక్క నా వైపు చూడనైనా లేదు. "ఎవురికీ లేదు సార్. గిన్నెలు తోముకునేకి. నల్లపొడి బాగా తోముతాదని నేనే ఎత్తుకుంటి" అంది. వేళ్ళు కట్లలో ఉన్నాయి కదా, కాలి బొటనవేలితో ముద్ర వేయించుకున్నారు. కాలి ముద్ర లతా! నేను అక్కడే నిలబడి చూశాను.

జేబులోకి చెయ్యి పోయింది. బయటికి రాలేదు. నీ చదువు పోతుందని ఆగానని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. మూడు రోజులుగా ఆ మాట తిప్పితిప్పి చూస్తున్నాను. నీ చదువు కోసం ఆగింది సగమే. ఆ ఉత్తరం బయటికి తీస్తే అందరి ముందూ చదువుతారు. రెండో పేరాతో సహా.

జీవితమంతా ఎదుటివాడి తప్పు వెతికి అచ్చేసినవాణ్ణి. కంపెనీ తప్పులన్నీ తప్పులే, ఒక్కటీ తగ్గించను. తొడుగుల్లేవు, గుడ్డల కుప్ప ఉంది, మిషను చెడింది. ఇవన్నీ అరవడానికి ఇప్పుడు నా గొంతు లేవడం లేదు.

మామ


పుణె,
5 జూన్

మామా,

నీ ఉత్తరం రాకముందే నేను కంపెనీకీ, మా ల్యాబుకూ రాసిచ్చాను. పొడి అడిగింది నేనే, ఆమె దొంగ కాదు అని సంతకం పెట్టాను. కంపెనీ నుంచి రెండు వరుసల జవాబు వచ్చింది. కార్మికురాలు స్వయంగా ఒప్పుకుంది, విచారణ ముగిసింది, బయటివారి వాంగ్మూలం అవసరం లేదు. ఆమె నాకోసం అబద్ధం చెప్పింది. నేను ఆమెకోసం నిజం చెప్పాను. రెండూ ఎవరికీ పనికిరాలేదు.

ల్యాబు నన్ను పక్కన పెట్టింది. అనుమతి లేకుండా నమూనా తెప్పించబోయానని. ఆ తొంభై తొమ్మిది బ్యాచులను కంపెనీ లెక్కల్లోంచి తీసేసింది. మీటరు తప్పు అని రాశారు. బల్ల అప్పగించేటప్పుడు చూశాను, సున్నం కలిపిన బొగ్గు మీద గుంపులు నిలబెట్టే పని ఇంకో విద్యార్థికి ఇచ్చారు. శుద్ధమైన సున్నం, సీసాలో కొన్నది. బాగానే వస్తుంది. రావాలి కూడా. అందులో పెద్దమ్మ చేతులున్నాయని ఎక్కడా ఉండదు.

పదిహేనో తేదీ ఆదివారం వస్తున్నాను. ఇప్పుడు నేను కనబడినా ఎవరికీ నష్టం లేదు.

ఒకటే అడుగుతున్నాను. నేను వచ్చేలోగా ఆ రెండో పేరా పెద్దమ్మకు చదివి వినిపించు. నేను చెప్పానని ఆమెకు తెలియాలి. చెప్పకుండా నిప్పులోకి తోశానని ఆమె అనుకుంటుంటే ఆ గుమ్మంలోకి రాలేను మామా. నా నోటితో చెబితే నీ మీద చాడీ చెప్పినట్టుంటుంది. నువ్వే చదువు.

లత


కర్నూలు,
11 జూన్

లతా,

ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను, నువ్వు బయల్దేరేలోగా అందేలా స్పీడ్ పోస్టులో వేస్తాను.

నిన్న మధ్యాహ్నం అక్క మంచం పక్కన కూర్చున్నాను. నీ ఏప్రిల్ ఉత్తరం జేబులో ఉంది. ఎలా మొదలుపెట్టాలా అనుకుంటుంటే తనే అడిగింది. "పిల్ల ఆదివారం వస్తాందంట గదా. అది రాసిన కాగితం సదువు రా, నన్ను పొడి అడిగిండాది సూడు, అది."

మొదటి పేరా చదివాను. కందిగింజంత చాలు అన్నచోట పెదవులు కదిలాయి. గడ్డం కింద కొత్తచర్మం లాగుతుంది, సరిగ్గా నవ్వలేదు. "గింజంతంట. పుణెకు పోయి శానా పిసినారి అయిపోయిండాది" అంది.

రెండో పేరా వచ్చింది. ఊపిరి పీల్చుకున్నాను. 'ఎందుకంటే నా ఊహ ఇది' అని చదవబోతూ నోరు తెరిచాను కూడా. అప్పుడు అక్క అంది: "పిల్లనేమీ అనొద్దు రంగా, అది వచ్చినంక. దానికి మాత్రం ఏం తెలుసు, అది అంటుకుంటాదని? తెలిసుంటే నాకు సెప్పకుండా ఉంటాదా? నువ్వు సదివినప్పుడు నేను ప్రతి మాటా ఇనింటి గదా. యాడా లేదు ఆ మాట."

ప్రతి మాటా విన్నానంది. నేను చదివినవన్నీ విన్నది.

కాగితం అక్కడే ఉంది. తెలుగే. నీ అక్షరాలు గుండ్రంగా, నేను దిద్దించినవే. నీ గౌరవమంతా ఆ నాలుగు వరుసల్లో ఉందని తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా బల్లలు గుద్ది చదివిన గొంతు నాది.

"పెద్దమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అని చదివాను.

"బాగుండాయని రాయి" అంది. తర్వాత కట్లు కట్టిన చేతులు రెండూ దిండు మీద సర్దుకుని, "ఆడ అంతేనా?" అంది.

"అంతే అక్కా" అన్నాను.

ఆదివారం నువ్వు వస్తావు. నేను బస్టాండుకు రాను. ఆ ఉత్తరం ఆమె తల దగ్గర, మందుల డబ్బా కింద పెట్టాను.

రంగస్వామి